పచ్చమూత చక్రాలు

మ్వంజాలా కుడి అరచేయి ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చిలో పాటకు లేచి నిలబడినప్పుడు కూడా. సబ్బు, ఇసుక, కిరసనాయిలు, ఏది పెట్టి రుద్దినా గీతల్లో ఆ నలుపు మిగిలిపోయేది. ఎవరో అతని చేతిలో దారుల పటం ఒకటి గీసి, చెరపడం మరిచిపోయినట్టు.

ఆ చేత్తోనే అతను టైర్లను చూసేవాడు. మా వోయిలో, మొంబాసా నుంచి నైరోబీకి పోయే పెద్దరోడ్డు పక్కన, తుమ్మచెట్టు కింద, ముప్పై ఏళ్ళు. బండి ఆగగానే గాలి కొలిచే గేజీ తీసేవాడు కాదు. ముందు అరచేయి టైరు పక్కన ఆనించి, జ్వరం చూసినట్టు చూసేవాడు. తర్వాత ఇనుపకడ్డీతో ఒక్క దెబ్బ కొట్టి వినేవాడు. నిండుగా ఉన్న టైరు వెంటనే పలికేది. మెత్తబడిన టైరు నిద్రలో ఉన్న మనిషిలా కాస్త ఆలస్యంగా పలికేది. అప్పుడు అంకె చెప్పేవాడు. గేజీ పెడితే ఒకటో రెండో అటూ ఇటూగా అదే అంకె.

పంచరు వేస్తే డబ్బు తీసుకునేవాడు. ఒట్టి గాలికి తీసుకునేవాడు కాదు. ఎందుకు తీసుకోవని ఎవరైనా అడిగితే, "నేను చేశానా ఏంటి? ఊళ్ళోది. మళ్ళీ ఊళ్ళోకే పోతుంది," అనేవాడు.

మా ఎండ సంగతి తెలిసిన డ్రైవర్లు అతన్ని దాటి పోయేవాళ్ళు కాదు. వోయి దాటాక ఉత్తరంగా వంద కిలోమీటర్లు ఊరన్నది లేదు. ఎర్రమట్టి, ముళ్ళచెట్లు, ఆ మట్టినే ఒళ్ళంతా చల్లుకుని ఎర్రబడిన ఏనుగులు, మధ్యలో కరిగిన బెల్లంలా మెరుస్తూ తారురోడ్డు. మధ్యాహ్నం ఆ రోడ్డు మీద నీళ్ళు ఉన్నట్టే ఉంటుంది, దగ్గరికి పోతే ఉండవు. ఆ చివర మ్తీతో అందేయి అనే చిన్న ఊరు. అక్కడ కిమేయు అనే కాంబా తెగ మనిషి, ఇలాగే ఒక రేకుషెడ్డు కింద గాలిమిషను పెట్టుకుని కూర్చునేవాడు. ఇద్దరూ కలుసుకున్నది ఏడాదికి ఒకటి రెండుసార్లే. కానీ ఒకరు వేసిన అతుకును ఇంకొకరు చూసి గుర్తుపట్టేవాళ్ళు. లారీ డ్రైవర్ల చేత ఒకరికొకరు వెటకారాలు పంపుకునేవాళ్ళు. నీ అతుకు చంటిపిల్లాడి మొలగుడ్డలా ఉందని ఒకడు, నీ బంకతో ఈగ కూడా అంటుకోదని ఇంకొకడు.

మ్వంజాలా భార్య చాలా ఏళ్ళ క్రితమే పోయింది. పిల్లలు లేరు. ఉన్నది ఒక్క చెల్లెలు వావుదా. బస్టాండు పక్క బజారులో టమాటాలు అమ్మేది. గోగునార లాంటి నార తీసే కత్తాళ తోటల్లో పనిచేసే ఆమె భర్త, కొడుకు నడక నేర్చేలోపే జ్వరంతో పోయాడు. ఆ కొడుకు కిసోంబే. మా తైతా తెగవాళ్ళలో మేనమామంటే మాటలు కాదు. పిల్లాడికి పేరు పెట్టే దగ్గరనుంచి పెళ్ళిమాట ఖాయం చేసేదాకా అతని నోటిమాట లేకుండా ఏదీ జరగదు. కిసోంబేకి లైసెన్సు వచ్చిన రోజు మ్వంజాలా ఒక్కటే మాట చెప్పాడట. ఇంజను ఆగిపోతే దారిలో ఆగుతావు, బ్రేకు పోతే చెట్టుకో గుట్టకో ఆనిస్తావు, టైరు పోతే మాత్రం నీ చేతిలో ఏమీ ఉండదు, అందుకని ఎక్కేముందు నాలుగు చక్రాలూ ముట్టుకో అని. కిసోంబే ముట్టుకునేవాడు. పద్నాలుగుమంది పట్టే వ్యానులో రోజు విడిచి రోజు నైరోబీకి పోయి వచ్చేవాడు. ఎక్కేముందు వ్యాను చుట్టూ తిరుగుతూ చక్రాలను తట్టుతుంటే, స్టాండులో తోటి డ్రైవర్లు, ఆవులకు మేత వేశావా అని ఏడిపించేవాళ్ళు.

ఊరి మొదట్లో ఉన్న పెట్రోలు బంకుకి నైట్రోజన్ మిషను వచ్చింది మూడేళ్ళ క్రితం. మనిషెత్తు డబ్బా, నీలంరంగు, అద్దంలో ఎర్ర అంకెలు. దాని పక్కన నిలబడితే ఎవరో గొంతులోనే పాడుకుంటున్నట్టు సన్నటి మోత. బంకు మేనేజరు కియోకో ఇంకా ముప్పై దాటని మనిషి, చురుకైనవాడు. మిషను వచ్చిన వారానికే తుమ్మచెట్టు కిందికి వచ్చి, పెద్దాయనా, ఈ ఎండలో ఇంకెన్నాళ్ళు, నెలజీతం ఇస్తాం, నీడ ఉంది, రమ్మన్నాడు. కియోకో తెలివి గురించి తర్వాత అందరం మాట్లాడుకున్నాం. అతనికి కావలసింది మిషను నడిపే మనిషి కాదు, అది ఎవరైనా నడపగలరు. అతనికి కావలసింది ఆ అరచేయి.

మ్వంజాలా నెలరోజులు ఆలోచించాడు. అప్పటికే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. జాకీ ఎత్తిన బండి కింద పడుకుని లేవడానికి ఎవరో ఒకరు చేయి అందించవలసి వస్తోంది. చివరికి వెళ్ళాడు. జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కా ఇచ్చారు.

మొంబాసా నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి ఒక పూట పాఠం చెప్పాడు. కొనేవాళ్ళకు చెప్పవలసినవి మూడు మాటలు. నైట్రోజన్ పెట్టిన టైరు వేడెక్కదు. వేడెక్కదు కాబట్టి పేలదు. ఒకసారి నైట్రోజన్ పెట్టాక ఎక్కడా మామూలు గాలి కలపకూడదు, కలిపితే టైరు పాడైపోతుంది. పెట్టిన ప్రతి చక్రానికీ ఒక పచ్చమూత బిగించాలి. దారిలో ఎవరూ పొరపాటున గాలి కొట్టకుండా అది గుర్తు.

పాఠం అయ్యాక మ్వంజాలా మామూలు గాలిలో ఏముంటుందని అడిగాడట. ఆ కుర్రాడు కొంచెం తటపటాయించి, అబద్ధం చెప్పలేక, ఐదు పాళ్ళలో దాదాపు నాలుగు పాళ్ళు నైట్రోజనే అన్నాడు. ఈ మిషను నుంచి వచ్చేది కాస్త పొడిగా ఉంటుంది, కొంచెం నెమ్మదిగా కారుతుంది, విమానాలకూ పందెం కార్లకూ అది అవసరమేనన్నాడు. మరి నాలుగు పాళ్ళు అదే అయినప్పుడు కలిపితే పాడవడం ఏమిటని మ్వంజాలా మళ్ళీ అడిగాడు. ఆ కుర్రాడు కియోకో వైపు చూశాడు. కియోకో నవ్వాడు.

"పెద్దాయనా, గాలి అమ్మితే ఎవడు కొంటాడు? నువ్వు అమ్మేది పచ్చమూత. మూత చూసుకుని ధీమాగా పోతారు. తప్పేముంది?"

తప్పేమీ లేదనే అనుకున్నాడు మ్వంజాలా. ధీమాగా పోతారన్నది ఉన్నమాటే. అతను మిషను దగ్గర కూడా చేయి ఆనించి, కడ్డీ కొట్టి విని, అంకె సరిచూసి పంపేవాడు. అంత శ్రద్ధగా పెడితే ఏ గాలైనా మంచిదే. రెండు మాటలు ఎక్కువ చెప్పినందువల్ల ఎవరికీ ఏమీ కాదనుకున్నాడు. ఆ మూడు మాటలూ రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు అతని నోటినుంచి వచ్చేవి. మొదట్లో నాలుకకు తగిలేవి. తర్వాత తగలడం మానేశాయి.

ఒకరోజు పొద్దున్నే కిసోంబే వ్యాను తీసుకుని వచ్చాడు. మామ పని చేసే చోట మామ చేత నైట్రోజన్ పెట్టించుకోవాలని అతని సరదా. వ్యానుకి వెనకా ముందూ మరో నాలుగు బండ్లు ఆగి ఉన్నాయి. కియోకో లెక్కలగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మ్వంజాలా నాలుగు చక్రాలూ నింపి, నాలుగు పచ్చమూతలూ బిగించాడు. కిసోంబే కిటికీలోంచి తల బయటపెట్టి అందరికీ వినపడేలా అడిగాడు.

"మామా, దారిలో తగ్గితే? కిమేయు బాబాయి దగ్గర కాస్త కొట్టించుకోవచ్చా, కూడదా?"

మ్వంజాలా గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"కూడదు. మామూలు గాలి కలపకూడదు. ఇక్కడికే తీసుకురా."

అంతే. కిసోంబే హారను రెండుసార్లు కొట్టి వెళ్ళిపోయాడు. వెనకబండి ముందుకు వచ్చింది.

వీణ్ణి తర్వాత పక్కకు పిలిచి చెబుదామని ఆ నిమిషంలోనే అనుకున్నాడట మ్వంజాలా. ఆ ఆదివారం వావుదా ఇంట్లో మొక్కజొన్న ముద్ద, కొబ్బరిపాలలో ఉడికిన అలసందలు తింటూ కూర్చున్నారు ముగ్గురూ. కిసోంబే తల్లికి నైట్రోజన్ గురించి చెబుతున్నాడు. చేతులు తిప్పుతూ, మామ మాటలే, మామ గొంతుతోనే. వేడెక్కదమ్మా, పేలదమ్మా, ఇంక నువ్వు నా కోసం రోడ్డు మీదికి వచ్చి చూడక్కర్లేదు. వావుదా అన్నగారి పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది. కొడుకు ఉత్తరానికి పోయిన రోజుల్లో ఆమెకు కంటిమీద కునుకు ఉండేది కాదని అతనికి తెలుసు. ఆ మొహం మీద వెలుగు చూశాక, అదంతా పైమాటరా, గాలి తగ్గితే ఎక్కడున్నా ఏ గాలైనా కొట్టించుకో అని చెప్పకుండా ఆ ముద్ద తిన్నాడు. మళ్ళీ ఆదివారం చూద్దామనుకున్నాడు. ఆదివారాలు చాలానే వచ్చాయి.

వానలు రాని ఏడాది ఫిబ్రవరి అది. ఏనుగులు నీళ్ళ కోసం రైలుకట్ట దాటి ఊరిదాకా వస్తున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు మొంబాసా పోయే ఒక ట్యాంకరు డ్రైవరు బంకులో ఆగి, మన్యాని జైలు దగ్గర వోయి వ్యాను ఒకటి పల్టీ కొట్టిందని చెప్పాడు. అది కిసోంబే నైరోబీ నుంచి తిరిగి వచ్చే రోజు. మ్వంజాలా చేతిలో ఉన్న గొట్టం కింద పెట్టేసి, ఆ వైపు పోయే ఏ బండో ఎక్కేశాడు.

ఐదుగురు పోయారు. డ్రైవరుతో కలిపి. కిసోంబేని అప్పటికే గుడ్డ కప్పి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. మ్వంజాలా గుడ్డ ఎత్తి చూశాడు. మళ్ళీ కప్పాడు. తర్వాత అతను చేసిన పని చూసినవాళ్ళకు మతిపోయిందేమో అనిపించింది. వ్యాను దగ్గరికి వెళ్ళి, వెనక ఎడమచక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిరిగిన టైరులోపల చేయి పెట్టాడు. లోపలిగోడ నలిగి నలిగి పొడి అయింది. నల్లటి పొడి అతని అరచేతిలోకి రాలింది. అతనికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఒక్క క్షణంలో పేలిన టైరు కాదది. గాలి తగ్గి, మెత్తబడి, నిండు బరువుతో అరవై కిలోమీటర్లు ఆ మండే తారు మీద నలుగుతూ నలుగుతూ వచ్చి, కాలి, పేలింది. ఆ తోవలో ముల్లు గుచ్చుకోని బండి లేదు. గాలి తగ్గడం వింత కాదు. తగ్గిన టైరుతో కిసోంబే మ్తీతో అందేయి దాటి ఎలా వచ్చాడన్నదే వింత. నాలుగు చక్రాలూ ముట్టుకోకుండా ఎక్కని మనిషి.

వాల్వు మీద పచ్చమూత అలాగే ఉంది. మ్వంజాలా దాన్ని తిప్పి తీసి జేబులో వేసుకున్నాడు.

వారం తిరగకముందే ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. కిసోంబే టైరులో నైట్రోజన్ ఉంది కదా, అది పేలదు కదా, పేలిందంటే ఎవరో మామూలు గాలి కలిపి ఉండాలి. ఆ తోవలో గాలి కొట్టేవాడు ఒక్కడే. మ్తీతో అందేయిలో వ్యాను కిమేయు షెడ్డు ముందు ఆగి ఉండగా చూసినవాళ్ళూ దొరికారు. వోయి డ్రైవర్లు ఆరుగురు ఒక వ్యానులో వెళ్ళి కిమేయు గాలిగొట్టాన్ని కత్తితో ముక్కలు చేసి, అతన్ని రెండు దెబ్బలు వేసి వచ్చారు. బంకులో మిషను ముందు వరస రోడ్డుదాకా పెరిగింది. పచ్చమూత లేని వ్యాను ఎక్కడానికి జనం వెనకాడారు. మ్వంజాలా వంచిన తల ఎత్తకుండా మూతలు బిగిస్తూనే ఉన్నాడు. ఆ రోజుల్లో అతను మూడు మాటలూ చెప్పడం లేదని ఎవరూ గమనించలేదు. ఇంక చెప్పనక్కర్లేదు, అందరికీ వచ్చేశాయి.

వావుదా టమాటాలు మానేసి ఇంట్లో కూర్చుంది. ఏడవడం కూడా ఆగిపోయింది. ఎవరు పలకరించినా ఒకే పేరు, కిమేయు. ఆ పేరును పంటికింద రాయిలా అటూ ఇటూ తిప్పుతూ ఉండేది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం కిమేయు వోయి వచ్చాడు. పెదవి మీద మానిన గాయం. బంకు వెనక, ఖాళీ పీపాల నీడలో మ్వంజాలా అన్నం డబ్బా విప్పుకుంటుండగా వచ్చి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"నీకు ముందే చెబుదామనుకున్నా అన్నా. చావింట్లో చెప్పే మాట కాదని ఊరుకున్నా," అన్నాడు. "ఆ పిల్లాడు నా దగ్గర ఆగాడు. చక్రాలు తట్టుకుంటూ వచ్చి, వెనకది మెత్తగా ఉంది బాబాయ్ అన్నాడు. గేజీ పెట్టాను. నలభై ఐదు ఉండాల్సింది, ఇరవై ఎనిమిది ఉంది. ముల్లు కూడా కనపడింది. తీసి అతుకేసి గాలి కొడతా, కాణీ ఇవ్వొద్దు అన్నాను. వద్దన్నాడు."

మ్వంజాలా డబ్బా మూత మళ్ళీ బిగించాడు.

"స్టెప్నీ అయినా వెయ్యరా అన్నాను. అది అరిగి గుండైంది, దానికంటే ఇదే నయం అన్నాడు. గాలి గాలేరా పిచ్చోడా అన్నాను. నవ్వాడన్నా. మా మామ ముప్పై ఏళ్ళ నుంచి గాలి కొడుతున్నాడు, ఆయనకి తెలీదా, కలపకూడదన్నాడు, మెల్లగా పోతాను, మామ దగ్గరికే కదా పోయేది అన్నాడు." కిమేయు పెదవి మీది గాయం తడుముకున్నాడు. "చేయి పట్టుకుని ఆపాల్సింది. ఆపలేదు. అది నా పాపం. మిగతాది నాది కాదు."

నువ్వు ఎవరికైనా చెప్పావా అని మ్వంజాలా అడిగాడు. నేను చెబితే ఎవరు నమ్ముతారన్నాడు కిమేయు. కోసిన గొట్టం కొత్తది కొనుక్కోవచ్చు, కానీ మీ చెల్లెలు నా పేరు మీద కోపం పెట్టుకుని కూర్చుందని విన్నాను, మీ తైతా వాళ్ళ కోపం గురించి మా కాంబా వాళ్ళకీ తెలుసు, నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు అన్నాడు. లేచి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు.

అతను భయపడినదాంట్లో తప్పులేదు. మాలో కోపం మనసులో పెట్టుకున్నవాళ్ళు నోరు తెరిచి శపించనక్కర్లేదు. లోపల ఉంటే చాలు, అది దారి వెతుక్కుంటుంది. ఎవరి మీద ఉందో వాళ్ళ ఇంట్లో జ్వరమవుతుంది, దగ్గవుతుంది. అక్కడ దారి దొరక్కపోతే వెనక్కి తిరిగి సొంత ఇంటికే వస్తుంది. అందుకే పెద్దలు అలాంటి మనిషిని కూర్చోబెట్టి కుటాసా చేయిస్తారు. నోటినిండా చెరకుకల్లో నీళ్ళో తీసుకుని, ఎవరి మీద కోపమో పేరు చెప్పి, ఉన్నదంతా చెప్పి, ఆ నీళ్ళను తుంపర్లుగా బయటికి ఊదేయాలి. ఆఖరి తుంపరతో నా మనసు చల్లబడింది అనాలి. చర్చికి వెళ్ళేవాళ్ళం కూడా ఇది మానలేదు. ఫాదరీకి తెలుసు, చూడనట్టు ఉంటాడు.

వావుదా చేత కుటాసా చేయించాలని పెద్దలు అనుకున్నారు. శనివారం పొద్దున్న, సగల్లా కొండమీద వాళ్ళ పుట్టింటి పెరట్లో. పెదనాన్న వరసయ్యే పెద్దాయన పిలిచాడు. మంచు ఇంకా విడవలేదు. కింద వోయి, రోడ్డు, రైలుకట్ట అన్నీ తెల్లగా మునిగి ఉన్నాయి. పదిమందిమి ఉన్నాం. సొరకాయ బుర్రలో నీళ్ళు పట్టుకోవలసింది తోడబుట్టినవాడు.

మ్వంజాలాకు ఆ పూట అంతా తేలికగా తెమిలిపోయేదే. నోరు మూసుకుని బుర్ర పట్టుకుంటే చాలు. చెల్లెలు కిమేయు పేరు చెప్పి నీళ్ళు ఊదేస్తుంది. మనసు చల్లబడిందంటుంది. కిమేయు పిల్లలకు భయం ఉండదు. మధ్యాహ్నం అందరూ కలిసి తిని కొండ దిగుతారు. తర్వాత తను ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళు ఆ ఇంట్లో అన్నం తినొచ్చు. దారిలో కొండ ఎక్కుతూ అతను మూడుచోట్ల కూర్చున్నాడు. మోకాళ్ళు అనుకున్నాం.

వావుదా చాపమీద కూర్చుంది. బుర్ర అందుకోవడానికి చేయి చాచింది. మ్వంజాలా ఇవ్వలేదు.

"ఆ పేరు చెప్పొద్దు చెల్లీ," అన్నాడు. "కిమేయు గాలి కొట్టలేదు. కొడతానంటే మనవాడే వద్దన్నాడు. నేను వద్దన్నానని వద్దన్నాడు."

పచ్చమూత జేబులోంచి తీసి చాపమీద పెట్టాడు. తర్వాత మొత్తం చెప్పాడు. మొంబాసా కుర్రాడి పాఠం, తను అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, కిటికీలోంచి తల బయటపెట్టి కిసోంబే అడిగిన మాట, తను గుమ్మం వైపు చూడడం, ఆదివారం, అలసందలు. ఒక్క మాట పైకీ కిందికీ కాకుండా, టైరు లోపలి పొడి గురించి చెప్పినట్టే చెప్పాడు. మంచు కొంచెం కొంచెంగా పైకి లేచి, కింద రోడ్డు ఒక గీతలా బయటపడింది.

వావుదా ఆ మూతను తీసుకుని చూసింది. వేలి గోరంత ఉంటుంది అది.

"అన్నా, కలిపినా ఏమీ కాదని నీకు తెలుసా, అప్పుడే?"

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పాను."

"ఆ రోజు మా ఇంట్లో తినేటప్పుడు కూడా తెలుసు."

"తెలుసమ్మా."

ఆమె తల ఊపింది. బజారులో ధర ఒప్పుకున్నప్పుడు ఊపినట్టు, చిన్నగా. పెద్దాయన ముందుకు వంగి, తల్లీ, ఇప్పుడు ఎవరి పేరైనా సరే, చెప్పెయ్, ఉన్నదంతా చెప్పి బయటికి ఊదెయ్, లోపల పెట్టుకోకు అన్నాడు. వావుదా బుర్ర అందుకుంది. ఈసారి మ్వంజాలా ఇచ్చాడు. ఆమె నోటినిండా నీళ్ళు తీసుకుంది. బుగ్గలు నిండాయి. అన్నగారి మొహంలోకి చూస్తూ కూర్చుంది. మేమంతా ఆ తుంపర కోసం చూస్తున్నాం. మ్వంజాలా దాన్ని మొహం మీద పడనివ్వడానికి కాస్త ముందుకు వంగాడు కూడా.

ఆమె మింగేసింది.

గొంతు కదలడం అందరికీ కనపడింది. పెద్దాయన చేతులతో మొహం కప్పుకున్నాడు. వావుదా లేచి, మిగిలిన నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పారబోసి, బుర్రను చాపమీద బోర్లించి, కొండ దిగి వెళ్ళిపోయింది.

సోమవారం మ్వంజాలా వ్యాను స్టాండులో నిలబడి డ్రైవర్లందరికీ అదే మాట చెప్పాడు. గాలి ఏదైనా ఒకటే, తగ్గితే ఎక్కడైనా కొట్టించుకోండి, చక్రం ముట్టుకోకుండా ఎక్కకండి. కియోకో సాయంత్రానికి నీలం చొక్కా వెనక్కి తీసుకున్నాడు. దురుసుగా ఏమీ మాట్లాడలేదు, ఆరోగ్యం చూసుకో పెద్దాయనా అన్నాడు. ఉద్యోగం పోయిన కోపంతో ముసలాడు అలా అంటున్నాడని డ్రైవర్లలో సగంమంది మర్నాటికే నిర్ణయించారు. చొక్కా పోయింది మాట చెప్పాకనే అని గుర్తుచేసేవాళ్ళు లేరు. మిషను ముందు వరస తగ్గలేదు.

మ్వంజాలా తన పాత గాలిమిషనును, కొత్తగా కొన్న గొట్టం చుట్టను లారీలో వేసుకుని మ్తీతో అందేయి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కిమేయు రేకుషెడ్డు కింద ఇద్దరూ కూర్చుంటారు. పెద్దగా మాట్లాడుకోరు. వెటకారాలు ఆగిపోయాయి. వోయి వ్యాను ఆగితే మ్వంజాలా లేచి, అడగకుండానే నాలుగు చక్రాలకూ అరచేయి ఆనిస్తూ తిరుగుతాడు. ఏదైనా మెత్తగా ఉంటే గొట్టం తెస్తాడు. చాలామంది డ్రైవర్లు కిటికీలోంచే పచ్చమూత చూపించి వద్దని చేయి ఊపుతారు. కొందరి చక్రం ముందు అతను అడ్డంగా కూర్చుంటాడు. తిడతారు, హారను కొడతారు. లేవడు. గాలి కొట్టించుకున్నాకే లేస్తాడు. ఈమధ్య లేవడానికి చాలాసేపు పడుతోంది.

ఊపిరి కూడా సరిగా అందడం లేదు. ఆస్పత్రిలో రబ్బరు దుమ్ము అన్నారు. కొండమీద వాళ్ళు ఆ నీళ్ళు అంటున్నారు. వావుదా ఏమీ అనదు. మళ్ళీ బజారులో టమాటాలు అమ్ముతోంది. నెలకొకసారి పెద్దాయన మనిషి చేత కుటాసాకని సొరకాయ బుర్ర పంపిస్తాడు. ఆమె దాన్ని లోపలా బయటా శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టి, ఖాళీగా తిప్పి పంపిస్తుంది.